ఎక్కడికి అని అడగని ఆదివారం

సౌభాగ్యవతి అయిన మా అక్క సత్తెమ్మకి, సముద్రాలకి ఇవతలి నుంచి తమ్ముడు పోలయ్య వంగి పెట్టే దండాలు.

సౌభాగ్యవతి అన్న మాట రాసి కలం పక్కన పెట్టేశాను అక్కా. వాకిట్లోకి వెళ్ళి కాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను. ఆ మాట కొట్టెయ్యలేదు. ధైర్యంగా రాశానని కూడా అనను. రాయబోయేది బావ సంగతే. ఆఖరిదాకా విన్నాక ఆ మాట ఉంచాలో తీసెయ్యాలో నువ్వే తేల్చుకోవాలి, నా వల్ల కాలేదు.

పంతులుగారూ, ఈ ఉత్తరం చదివి పెట్టేది మీరే కదండీ. దయచేసి ఇక్కడ కాస్త ఆగి, అరుగు మీద జనం ఉంటే పంపించెయ్యండి. మేనకోడలు మంగని కూడా ఆడుకోమని పంపండి. అత్త ఉంటే ఉండొచ్చు, ఆవిడ కొడుకు సంగతే కనక. మీరు నా వేలు పట్టుకుని ఇసకలో దిద్దించిన అక్షరాలు ఇందుకు పనికొస్తాయని నేను అనుకోలేదండి.

అక్కా, నా ఒళ్ళు బాగానే ఉంది. తింటున్నాను, పడుకుంటున్నాను, పని చేసుకుంటున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు. అత్త మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మంగకి పాలపళ్ళు ఊడాయా? గోదారి ఈ ఏడు ఎంత వచ్చింది, కొత్త కాలువ కట్ట తెగలేదు కదా? మేం వచ్చిన ఏటి గాలివానకి విరిగిన పడవ చెక్కలు ఇంకా పెరట్లో ఉంటే పొయ్యిలో పెట్టకు, ఉంచు. ఇవన్నీ ముందే అడిగేస్తున్నాను. తరవాత అడగడానికి మనసొప్పదు.

పోయిన ఉత్తరం చెరుకు తోట నుంచి రాశాను కదా. అక్కణ్ణించి నన్నూ బావనీ కొండ మీది తోటకి మార్చారు. ట్రినిడాడు దీవిలోనే, కాని వేరే లోకం. ఇక్కడ కోకో అనే చెట్టు పెంచుతారు. దాని కాయలు కొమ్మల చివర కాయవు, మానుకే అంటుకుని కాస్తాయి, చెట్టుకి పుళ్ళు లేచినట్టు. కోసి, కత్తితో పగలగొట్టి, గింజలు తీసి అరిటాకులు కప్పి మగ్గేస్తారు. తాటికల్లు పులిసిన వాసన వస్తుంది. ఎండాక చెక్కల మీద పోసి కాళ్ళతో తొక్కుతారు, మనం కుప్ప తొక్కించినట్టు, కాని ఎడ్లు ఉండవు, ఎడ్లం మేమే. నీడకని మధ్యమధ్య పెద్ద మానులు వేశారు. వాటిని ఇక్కడివాళ్ళు కోకో తల్లి అంటారు. అవి పూసినప్పుడు కింద నేలంతా ఎర్రగా అయిపోతుంది.

పొద్దున్న లేస్తే ఏమీ కనపడదు. పొగమంచు గడప దాకా వచ్చి కూర్చుంటుంది. అందులోంచి ఒక పిట్ట, కంసాలి దాగలి మీద సుత్తి వేసినట్టు అరుస్తుంది. అది ఎక్కడ ఉందో ఇప్పటిదాకా చూడలేదు. బావ దానికి కంసాలి పిట్ట అని పేరు పెట్టాడు. తిండికి బియ్యం ఇస్తారు, ఒక ఉప్పుచేప ఇస్తారు. ఆ చేప ఏ సముద్రంలో ఎప్పుడు చచ్చిందో దానికే తెలియాలి. మన ఎండు నెత్తళ్ళ ముందు అది చెక్క ముక్క. ఉత్తరం మడతలో నాలుగు గోంగూర గింజలు పెట్టి పంపు అక్కా, ఈ కొండ మీద ఏదేసినా మొలుస్తుంది.

ఇక్కడ మన మాట మాటాడేవాళ్ళం నేనూ బావే. దిగువన రెండు అరవ కుటుంబాలు ఉన్నాయి. మిగతావాళ్ళంతా పాన్యోలు. సముద్రం దాటితే ఉన్న పెద్ద దేశం నుంచి వచ్చినవాళ్ళు, స్పానిష్ మాటాడతారు, చిన్న ఇళ్ళు, మేకలు, గాడిదలు. మంచివాళ్ళు. మా ఎదురింట్లో రీతా అనే ముసలావిడ ఉంది. నేను రీతమ్మ అంటాను, పలుకుతుంది. మన అత్తలాగే చుట్ట కాలుస్తుంది, కాని నిప్పు బయటికి పెట్టి. మా వైపు ఆడవాళ్ళు నిప్పు నోట్లోకి పెట్టి కాలుస్తారని చెప్తే నమ్మలేదు. చేసి చూపించబోయి నాలిక కాల్చుకున్నాను. ఆ వేళ ఆవిడ నవ్విన నవ్వుకి మేకలు బెదిరాయి.

తంటా అంతా ఆ రీతమ్మ అడిగిన ఒక్క మాటతో వచ్చింది.

మొదటి రోజు పొద్దున్నే నేనూ బావా బుట్టలు భుజాన వేసుకుని బయల్దేరాం. రీతమ్మ గడప మీంచి "అదోందె వా?" అంది. దిగువ ఇంటి అరవాయన పక్కనే ఉన్నాడు, అర్థం చెప్పాడు. ఎక్కడికి వెళ్తున్నావు అనిట. బావ మొహం చూడాలి. పొద్దున్నే, కొత్త పనికి, మొదటి అడుగు వేస్తుంటే, ఎదురుగా నిలబడి ఎక్కడికి అని.

నీకు చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు నాన్న వల భుజాన వేసుకుని రేవుకి బయల్దేరుతుంటే నేను "ఎక్కడికి నాన్నా" అన్నాను.  నాన్న వల దించాడు, కాళ్ళు కడుక్కున్నాడు, అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగాడు. ఆ పూట మన పడవ కదల్లేదు. మిగతా పడవలన్నీ బుట్టలు నింపుకుని వచ్చాయి. నాన్న కొట్టలేదు, నువ్వు కొట్టావు, ఆ దెబ్బ ఇంకా వీపు మీద ఉంది. కోరంగి రేవులో మేం ఓడెక్కే రోజున నువ్వు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డావు. ఏడుపు ఆపుకోడానికని జనం అనుకున్నారు. ఎక్కడికి అన్న మాట బయటికి రాకుండా అని నాకు తెలుసు. నిజానికి మేం ఎక్కడికి వెళ్తున్నామో నీకూ తెలియదు, మాకూ తెలియదు.

సరే, ఇద్దరం వెనక్కి వచ్చాం. కూర్చున్నాం. నీళ్ళు తాగాం. బావ తాగేసి చెంబు మామూలుగానే బోర్లించాడు. ఆ అలవాటు కోసం నువ్వు ఎన్నిసార్లు తిట్టావు, ఇంటికొచ్చినవాడికి నీళ్ళు లేవన్నట్టు ఏంటది అని. పడవ మీద చెంబులో ఉప్పునీళ్ళు పడకుండా అలా బోర్లించేవాడు, ఒడ్డెక్కినా ఆ చెయ్యి మానలేదు. మళ్ళీ లేచి పది అడుగులు వేశామో లేదో రీతమ్మ అల్లుడు ఎదురొచ్చి "అదోందె వా?" మళ్ళీ వెనక్కి. మళ్ళీ నీళ్ళు. మూడోసారి వంతెన దగ్గర ఇంకొకడు. మేం తోటకి చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది, నా పొట్ట నిండా నీళ్ళే. మేస్త్రీ తిట్టిన తిట్లు భాష రాకపోయినా అర్థమయ్యాయి.

ఆ మర్నాటి నుంచి బావ ఒక ఉపాయం పట్టాడు. పాన్యోలు లేవకముందే, మొదటి కోడికే లేచి వెళ్ళిపోయేవాడు. ఎవరూ చూడకపోతే ఎవరూ అడగరు కదా. నేను అంత పొద్దున్నే లేవలేక ఆవిడ కంటపడుతుండేవాణ్ణి. ఒకరోజు నేను మూడోసారి వచ్చి గడప మీద కూర్చుంటే రీతమ్మ చుట్ట తీసి, ఏంటి నీ బాధ అంది. వచ్చీరాని మాటలతో చెప్పాను. నాకు అర్థమైనంత మన మాటల్లో రాస్తున్నాను.

"ఇది చెడ్డ మాటని ఎవరు చెప్పారు నీకు? కొండ పెద్దది. మనిషి ఎంత? పొద్దున్న ఎక్కడికో అడిగితేనే కదా, సాయంత్రం రాకపోతే ఎటు వెతకాలో తెలిసేది. మీ దేశంలో తిరిగి రానివాణ్ణి ఎలా వెతుకుతారు?"

నేను ఆలోచించి చెప్పాను. "మాది గోదారి. పోయినవాడు కిందికే పోతాడు. మేం కిందికి వెతుకుతాం."

"ఇక్కడ కింద అంటే నాలుగు వైపులా కిందే" అంది రీతమ్మ.

ఆ మాట నాలో దిగబడింది అక్కా. ఆవిడే నాకు జవాబు కూడా నేర్పింది. ఫలానా చోటికి, "సి దియోస్ కియెరె" అనాలిట, అంటే దేవుడు తలిస్తే. అడిగినవాళ్ళు అప్పుడు దేవుడు తోడుగా వెళ్ళు అంటారు. అంతే, అది దీవెన. జవాబు చెప్పడం తొందరగానే వచ్చింది. అడగడానికి మాత్రం నోరు తిరగలేదు. ముందు వాళ్ళ గాడిదని అడిగాను. అది ఏమీ అనుకోలేదు. తరవాత పిల్లల్ని, తరవాత అల్లుణ్ణి. పదిహేను రోజులకి పొద్దున్నే గడప మీద నిలబడి వచ్చేపోయేవాళ్ళందర్నీ "అదోందె వా?" అని పలకరించేవాడినయ్యాను. రీతమ్మ మెచ్చుకునేది.

బావ మెచ్చుకోలేదు. "నీ నోరు చెడిందిరా పోలిగా. వాళ్ళ దేవుడు వాళ్ళది. నన్ను మాత్రం ఆ మాట అడిగావో, బామ్మర్ది అని కూడా చూడను" అన్నాడు. అన్నంత పనీ చేసే మనిషని నీకు తెలుసు.

ఆదివారం పని ఉండదు. ఆదివారాలు బావ ఒక్కడే కొండల్లో తిరిగేవాడు. ఏంటి వెతుకుతున్నావు అంటే చెప్పేవాడు కాదు. ఒకసారి మాత్రం అన్నాడు, "ఎక్కడినుంచైనా కాస్త వెడల్పు నీళ్ళు కనపడితే చాలురా, కళ్ళు ఇరుకైపోయాయి" అని. పుట్టిన దగ్గర్నుంచీ నీళ్ళ మీద బతికిన మనిషిని తెచ్చి చెట్ల మధ్య పెట్టారు. మా ఇళ్ళ ముందు దారి కొంత దూరం వెళ్ళి మూడుగా చీలుతుంది. ఒకటి ఏటికి దిగుతుంది, ఒకటి పై తోటకి, ఒకటి కొండ నెత్తికి. బావ ఏ ఆదివారం ఏ దారి పట్టేవాడో నేను ఎన్నడూ అడగలేదు.

ఆ ఆదివారం నాకు కూడా మెలకువ వచ్చింది. బావ తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. ఉడికించిన అరటికాయ ఆకులో కట్టుకున్నాడు, కత్తి తీసుకున్నాడు, నీళ్ళు ముంచుకోడానికి ఎండు సొరకాయ బుర్ర చిప్ప నడుముకి కట్టాడు. వాకిలి తీస్తే తెల్లగా మంచు. నేను పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నాను. అక్కా, ఆ మాట నా నాలిక మీదికి వచ్చింది. అలవాటైపోయింది కదా, దానంతటదే వచ్చింది. స్పానిష్‌లోనే వచ్చింది.

బావ గుమ్మంలో నిలబడి "వెళ్ళొస్తానురా" అన్నాడు. అని, వెంటనే వెళ్ళలేదు. తిరిగి నా వైపు చూశాడు. ఏదో అంటానని ఎదురుచూసినట్టు చూశాడు. ఇప్పుడు అలా అనిపిస్తోందో, అప్పుడే అలా ఉందో, ఒట్టు వేసి చెప్పలేను. నేను అడిగితే వెనక్కి వచ్చి కూర్చుంటాడు, నీళ్ళు తాగుతాడు, పగలంతా నన్ను సాధిస్తాడు అనుకున్నాను. మాట మింగేసి "ఊఁ" అన్నాను. మంచులోకి దిగాడు. నాలుగు అడుగులకి మనిషి లేడు. కంసాలి పిట్ట ఒకటే కొట్టడం.

పొద్దువాలినా రాలేదు. చీకటి పడకముందే రీతమ్మ వచ్చి, మీ బావ ఎక్కడికి వెళ్ళాడు అంది. నేను ఆవిడ వెంట బయటికి పరిగెత్తాను. పాన్యోలు పదిమంది కత్తులు పట్టుకుని దారి చీలిక దగ్గర నిలబడి, నన్ను చూశారు. ఎటు? రీతమ్మ మళ్ళీ అడిగింది, మెల్లిగా, పసివాణ్ణి అడిగినట్టు. "పొద్దున్న నువ్వు అడగలేదా?"

అడగలేదు అన్నాను. ఒక్కడూ నన్ను తిట్టలేదు అక్కా. తిట్టినా బాగుండేది.

పడవమనిషి కదా, నీళ్ళ వైపే వెళ్ళి ఉంటాడని నేనే ఏటి దారి చూపించాను. మనవాళ్ళ పద్ధతిలో, కిందికి. రెండు రోజులు ఆ ఏరంతా రాయి రాయీ వెతికారు. మూడో రోజు పై తోట. నాలుగో రోజు కొండ నెత్తి. అక్కడ, దారి ఆగిపోయే చోట ఒక బండ ఉంది. బండ మీద తలగుడ్డ నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మీద కత్తి. పక్కన అరటికాయ ఆకు విప్పకుండా అలాగే ఉంది. బుర్ర చిప్ప బోర్లించి ఉంది. స్నానానికి దిగే మనిషి ఒడ్డున బట్టలు పెట్టుకున్నట్టు అన్నీ వరసగా. బండ అవతల లోయ, లోయ అడుగున సముద్రం. వెడల్పు నీళ్ళు. ఎంత చూసినా అంతే వెడల్పు.

మనిషి లేడు. రెండు రోజులు కింది ఒడ్డున కూడా వెతికారు, లేడు. రీతమ్మ అల్లుడు ఆ బండ మీద కూర్చుని "మొదటి రోజే ఇక్కడికి వచ్చి ఉంటే" అని, ఆపేశాడు. ఆ ఆపేసిన మాట నాకు రోజూ వినపడుతుంది.

తోట రాతగాడు పుస్తకంలో పారిపోయాడు అని రాశాడు. ఒప్పుకున్న కూలి బాండు గడువు తీరకుండా సముద్రం దాటి ఆ పెద్ద దేశానికి పారిపోయేవాళ్ళు ఉన్నారు, అబద్ధం కాదు. కాని కత్తి వదిలి, తిండి వదిలి, తలగుడ్డ మడత పెట్టి ఎవడు పారిపోతాడు? పోనీ పడిపోయాడు అందామా, కాలు జారేవాడు ముందే సామాను సర్దుకుంటాడా? తనంతట తానే దిగాడు అనడానికి నాకు నోరు రాదు. అందుకే అక్కా, ఆ మొదటి మాట దగ్గర నా కలం ఆగిపోయింది.

ఇక్కడిదాకా ఎవరైనా రాయగలరు. ఇక రాసేది నువ్వు నమ్మినా నమ్మకపోయినా సరే. పంతులుగారూ, నాకు మతి చెడలేదండి.

నెల తిరిగాక ఒక పొద్దున్న, బుట్ట వేసుకుని పై తోటకి ఒక్కణ్ణే వెళ్తున్నాను. మంచు. దారి చీలిక దగ్గరికి వచ్చేసరికి కంసాలి పిట్ట ఆగిపోయింది. చెట్ల మీంచి నీటి బొట్లు పడే చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పుడు వినపడింది.

"ఎక్కడికిరా పోలిగా?"

తెలుగు అక్కా. మన తెలుగు. పోలిగా అని నన్ను పిలిచేది నువ్వూ బావా తప్ప ఈ భూమ్మీద ఎవరూ లేరు. గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, పడవ ఆ చివర కూర్చుని మాటాడినట్టు ఉంది. నేను అటూ ఇటూ చూడలేదు. చెప్పాలంటే చూసే ధైర్యం లేదు. కాళ్ళే వెనక్కి తిరిగాయి. ఇంటికి వచ్చి కూర్చున్నాను, నీళ్ళు తాగాను. 

నాకు భయం వేసింది గొంతు విని కాదు. బతికున్న మనవాడెవడూ ఆ మాట అడగడు. 

మర్నాడు మళ్ళీ. మూడోనాడు మళ్ళీ. అదే చోట, అదే మాట, అంతే నెమ్మదిగా. మూడుసార్లూ వెనక్కి వచ్చేశాను. మూడోసారి గడప మీద కూర్చుని ఉంటే రీతమ్మ వచ్చి పక్కన కూర్చుంది. చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, శిలువ గుర్తు వేసుకుంటుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. చుట్ట ఆరిపోయేదాకా కూర్చుని, అంది.

"అడిగినవాడికి నువ్వు జవాబు చెప్పలేదు. చెప్పేదాకా అడుగుతాడు. చెప్పు. చెప్పి, ఆ రోజు నువ్వు అడగాల్సింది కూడా అడుగు."

నాలుగోనాడు వెళ్ళాను.  చీలిక దగ్గర పిట్ట ఆగింది, బొట్లు ఆగాయి. "ఎక్కడికిరా పోలిగా?"

"పై తోటకి బావా. దేవుడు తలిస్తే పొద్దువాలేసరికి ఇంటికొస్తా" అన్నాను.   అప్పుడు, అక్కా, చిన్నప్పుడు నాన్నని అడిగిన ఆ ఒక్కసారి తప్ప మనవాణ్ణి ఎవర్నీ అడగని మాట, నువ్వు వీపు మీద కొట్టి మాన్పించిన మాట, కళ్ళు మూసుకుని అడిగాను. "నువ్వెక్కడికి బావా?"

 వెళ్ళిపోయాడేమో అనుకున్నాను. తరవాత, ముందు నుంచి కాదు, నా భుజం పక్క నుంచి వినపడింది. విసుగు లేదు, బాధ లేదు. ఎండు వల చుట్టుకుంటూ చెప్పినట్టు చెప్పాడు.

"ఇంటికిరా."

పిట్ట మళ్ళీ కొట్టడం మొదలెట్టింది. నేను కూలబడి ఏడ్చాను. ఆ ఆదివారం ఏడవలేదు, వెతికినన్ని రోజులూ ఏడవలేదు, అంతా ఆ పొద్దున్నే ఏడ్చాను. మనసు తేలికపడింది. పై తోటలో ఆ పగలంతా మనిషిలా పని చేశాను.

సాయంత్రం బియ్యం కడుగుతుంటే తట్టింది, నేను ఏం చేశానో. ఇంటికి బయల్దేరిన మనిషిని, బయల్దేరే వేళ, ఎదురుగా నిలబడి ఎక్కడికి అని అడిగాను. ఇక్కడి లెక్కలో అది దీవెన. మన లెక్కలో ఆయన వెళ్ళే దారి చెడగొట్టాను. అప్పుడు అడగక చెడగొట్టాను, ఇప్పుడు అడిగి చెడగొట్టాను. బావ మన లెక్క మనిషి. వెనక్కి తిరగకుండా ఉండడు. తిరిగి ఎక్కడికి వస్తాడు, ఈ గడపకే.

అందుకని గడప మీద చెంబుతో నీళ్ళు పెట్టాను. కూర్చుని, తాగి, మళ్ళీ మంచి ఘడియలో బయల్దేరతాడు కదా అని. మొదటి పొద్దున్న నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. రెండో పొద్దున్న ఒక ఎర్ర పువ్వు పడి తేలుతోంది, అంతే. మూడో పొద్దున్న కూడా అంతే. పిచ్చి పని అనుకున్నాను, అయినా కొత్త నీళ్ళు పోసి పెట్టాను.

నాలుగో పొద్దున్న చెంబు బోర్లించి ఉంది.

కుక్క తోస్తే పక్కకి దొర్లుతుంది, బోర్లా నిలబడదు. గడప పొడిగా ఉంది, ఒక్క చుక్క ఒలకలేదు. రీతమ్మని అడిగితే తనకి తెలియదంది, అబద్ధమాడే మనిషి కాదు. నిద్రలో నేనే లేచి బోర్లించానేమో అని కూడా అనుకుని చూశాను. కాని అక్కా, నేను ఎన్నడూ చెంబు బోర్లించను. నువ్వు తిడతావని.

ఆ తరవాత చీలిక దగ్గర ఏ గొంతూ లేదు. పది రోజులు చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన బయల్దేరాడు. మేం రావడానికి ఓడలో నాలుగు నెలలు పట్టింది. ఆయన ఏ దారిన వస్తాడో, ఈ ఉత్తరం ముందు చేరుతుందో ఆయనే ముందు చేరతాడో, నేను చెప్పలేను.

నువ్వు బొట్టు తుడుచుకో అని నేను రాయను. ఉంచుకో అని కూడా రాయను. ఒక్క పని చెయ్యి. రోజూ పడుకునే ముందు గుమ్మం పక్కన చెంబుతో నీళ్ళు పెట్టు. ఏ పొద్దున్నైనా అది బోర్లించి ఉంటే తిట్టకు, ఈ ఒక్కసారికి. చెంబు ఒక్కటే బోర్లించి ఉండి మనిషి కనపడకపోతే, అప్పుడు అత్తని పట్టుకుని ఏడువు, పంతులుగారు ఏం చెయ్యాలో చెప్తారు. మనిషే కనపడితే, కాలవగట్టు మీద మంచులో నడిచి వస్తూ కనపడితే, అన్నం పెట్టు, మాటాడు, నన్ను ఎంత తిట్టుకోవాలంటే అంత తిట్టుకోండి ఇద్దరూ కూర్చుని. ఎక్కడికి అని మాత్రం అడగకు. మంగకి కూడా చెప్పు. మళ్ళీ వెనక్కి తిరిగే ఓపిక ఆయనకి ఉండదు.

అత్తకి నా సాష్టాంగం, నన్ను క్షమించమను. పంతులుగారికి దండాలు. మంగ తల నిమిరానని చెప్పు. నా మీద కోపం తగ్గాక నన్ను దీవించు, తగ్గకపోతే కోపంతోనే దీవించు. గోంగూర గింజలు మర్చిపోకు.

ఇలా రాసేది, ఇప్పుడు ఏటి దారిన కొండ దిగి, అరవాయన చేతికి ఈ కాగితం ఇచ్చి, దేవుడు తలిస్తే పొద్దువాలేలోగా అదే దారిన తిరిగి వచ్చే నీ తమ్ముడు,
పోలయ్య.